పట్నంబజారు మూలికల కొట్టు: ఎండకి కమిలే ఒంటికి ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

గుంటూరు పట్నంబజారులో నేను వేసవికి ముందు వెళ్ళే మూలికల కొట్టు ఒకటుంది. పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలు ఎంతుందో గొణుగుడూ అంతే ఉంది కాబట్టి పేరు లేకపోవడమే ఆయనకీ నాకూ మంచిది. గోడ నిండా రేకు డబ్బాలు, నేల మీద మూతి చుట్టిన గోనె సంచులు, గల్లా పక్కన తూకం. మెట్టెక్కగానే కరక్కాయ, శొంఠి, వట్టివేళ్ళు కలిసిన వాసన. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సున్నిపిండి సామానుకో, బాలింత మందుకో వస్తారు. నేను మాత్రం ఎండ కోసమే వెళ్తాను.

నేను గ్రామ సర్వేయర్‌ని, పల్నాడులో, రెంటచింతల వైపు. ఆ ఊరి పేరు వినగానే అందరికీ టీవీలో ఉష్ణోగ్రతల పట్టికే గుర్తొస్తుంది, కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. రీసర్వే, అంటే పొలాల హద్దులు మళ్ళీ కొలిచే పని, రోవర్‌తో. పోల్ మీద బిగించి, నిలబడ్డ చోటు ఎక్కడో కొలిచే పరికరం అది. దానికి ఆకాశం నుంచి శాటిలైట్ సిగ్నల్ అందాలి. వేపచెట్టు కిందో తుమ్మచెట్టు కిందో నిలబడితే 'ఫ్లోట్' (ఇంకా కుదురుకోని కొలత) అని చూపిస్తుంది గానీ 'ఫిక్స్' (కచ్చితమైన కొలత) రాదు. ఫిక్స్ రాని పాయింట్ పనికిరాదు. అంటే చుట్టుపక్కల ఎక్కడైనా నీడ ఉంటే దానికి దూరంగా జరిగి నిలబడటమే మా ఉద్యోగం. పక్కన హద్దు తగాదా ఉన్న రైతులిద్దరూ గొడుగులేసుకుని వాదించుకుంటుంటారు, మధ్యలో నేను పోల్ నిటారుగా పట్టుకుని దాని లెవెల్ బుడగ కదలకుండా చూస్తుంటాను.

అలా నిలబడితే ముందు కాలేది మెడ వెనక, తర్వాత ముక్కు, చెవుల అంచులు, మోచేతి నుంచి మణికట్టు దాకా. సాయంత్రానికి ఎర్రబడి మంట మొదలవుతుంది. అసలు బాధ ఆ రాత్రీ మర్నాడూ. నాలుగైదు రోజులకి పొలుసులు రాలతాయి. మనది చామనఛాయ, మనకేం కాదులే అనేవాళ్ళున్నారు. రంగు ఉన్న చర్మం కాస్త ఆలస్యంగా కములుతుంది, అంతే. ఎరుపు పైకి కనపడదు కాబట్టి మనం పట్టించుకోం. చెయ్యి వేస్తే వేడిగా ఉంటుంది, చున్నీ తగిలితే చురుక్కుమంటుంది. ఆ రెండూ ఉన్నాయంటే కమిలినట్టే.

ఇక సామాను.

ఆ కొట్లో నాకు నూటికి నూరు నచ్చేవి వట్టివేళ్ళు. చిన్న చిన్న కట్టలుగా కట్టి, తడి తగలకుండా పైఅరలో పెడతారు. పొడిగా ఉన్నప్పుడు వాసన చూసి మోసపోకండి, చుట్టూ ఉన్న సంచులన్నిటి వాసనా దానికి పట్టి ఉంటుంది. ఒక పుల్ల తీసి, మీ సీసాలో నీళ్ళతో తడిపి, అరచేతిలో నలిపి చూడండి. వాన పడ్డ మట్టి వాసనతో పాటు వెనక కొంచెం తీపి రావాలి. నూనె తీసేసిన వేళ్ళు చూడ్డానికి అచ్చం ఇలానే ఉంటాయి, తడిపితే గడ్డి వాసన వస్తుంది. ఈ కొట్టాయన తడిపి చూసుకోనిస్తాడు, విసుక్కోడు. ఈ ఒక్క విషయంలో పక్క కొట్లకంటే మెరుగు.

వాటిని కడిగి, పలచటి గుడ్డలో మూటగట్టి కుండలో వేస్తాను. ఒక పూట నానితే చాలు. ఆ నీళ్ళు సగం తాగడానికి, సగం సాయంత్రం ఒంటి మీద గుడ్డ తడిపి వేసుకోవడానికి. చర్మాన్ని చల్లబరిచేది కుండ నీళ్ళే, అవి ఆరుతూ వేడిని లాక్కుపోతాయి. ఊరికే కుండ నీళ్ళైనా అదే పని చేస్తాయి. కానీ రోజంతా పొలాల్లో దుమ్ము మింగి వచ్చాక ఆ వాసనకి నేను డబ్బులిస్తాను, మొహమాటం లేదు. మూడు నాలుగు రోజులకోసారి వేళ్ళు తీసి ఎండబెట్టాలి, లేకపోతే ముక్కిపోయిన వాసన కొడుతుంది.

గంధం చెక్క విషయంలో ఇదే కొట్టాయన మీద నాకు కోపం. బొటనవేలంత ముక్క చూపించి 'అసలు మైసూరు సరుకమ్మా' అన్నాడు. చెప్పిన ధర చూస్తే అది అసలు గంధం అయ్యే వీలే లేదు. ఇంటికెళ్ళి సాన మీద అరగదీస్తే పైపూత వాసన రెండు చుట్లు వచ్చి పోయింది, కింద ఉత్త కలప. మళ్ళీసారి వెళ్ళినప్పుడు అడిగాను. "ఆ రేటుకి ఆ గంధమే వస్తదమ్మా" అన్నాడు. అంటే అమ్మేటప్పుడు ఆయనకి తెలుసన్నమాట. మీ ఇంట్లో పాత చెక్క ఉంటే దాన్నే వాడండి. అసలు గంధమైనా కమిలిన చోట పలచగా రాసి, ఆరిపోకముందే కడిగేయాలి. ఎండి బిగుసుకుంటే చర్మం లాగేస్తుంది, అసలే మండుతున్న చోట అది ఇంకో బాధ. ముల్తానీ మట్టిదీ ఇదే సంగతి, ఇంకా ఎక్కువ. జిడ్డు చర్మానికి మామూలు రోజుల్లో పెట్టుకోండి గానీ, కమిలిన వారంలో దాని జోలికి వెళ్ళొద్దు. ఉన్న కాస్త తడినీ పీల్చేస్తుంది.

అసలు ఇది రాయాలనిపించింది సున్నిపిండి వల్ల.

మా వైపు ఎండకి నల్లబడితే ముందుగా వినపడే సలహా 'నలుగు పెట్టుకో' అని. కొట్టుకెళ్ళి సున్నిపిండి సామాను అనగానే ఆయన అలవాటుగా పొట్లాలు కట్టేస్తాడు: పెసలు, శనగపప్పు మనమే కలుపుకుంటాం కాబట్టి వదిలేసి, కచ్చూరాలు, తుంగముస్తెలు, చెంగల్వ కోష్టు, వట్టివేళ్ళు, కస్తూరి పసుపు, బావంచాలు. ఈ ఆఖరిదాని దగ్గర ఆగండి. బావంచాలు నల్లగా చిన్నగా ఉండే గింజలు. నలిపితే ఘాటు వాసన.

"బాబాయ్, బావంచాలు తీసెయ్యండి" అన్నాను.

"అదేందమ్మా, అది లేకుండా సున్నిపిండేంది?"

"నేను రోజంతా ఎండలో ఉండేదాన్ని. అది రాసుకుని ఎండలోకి పోతే ఒళ్ళు కాలుద్దంట కదా."

ఆయన కాటా మీంచి తల ఎత్తి, "బొల్లికి ఇస్తాం, రాసుకుని పొద్దున ఎండలో కూచోమని చెప్తాం" అన్నాడు. అని, తనే ఒక్క క్షణం ఆలోచించి, ఆ పొట్లం పక్కన పెట్టేశాడు.

విషయం ఆయన మాటలోనే ఉంది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలాక ఎండ సోకితే చర్మం మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్పందిస్తుంది. బొల్లి మచ్చల్లోకి రంగు రప్పించడానికి వాడేది ఆ గుణాన్నే. చర్మ వైద్యులు కూడా సోరలెన్ మందిచ్చి, లెక్కగట్టిన మోతాదులో అతినీలలోహిత కాంతి పెడతారు. మోతాదు తప్పితే బొబ్బలే. అలాంటి గింజని ఎండకి కమిలినవాళ్ళకి, అదీ పొద్దున స్నానానికి ముందు, పులుముకోమని ఇవ్వడం ఎంత తలకిందుల వైద్యమో చూడండి. నలుగు పెట్టి కడిగేసుకుంటాం కదా అని మా అత్తయ్య అంది. పండక్కి పెట్టుకుని ఇంట్లో ఉండేవాళ్ళకి సరే. పదింటికి పొలంలో ఉండాల్సిన నాకెందుకు? పైగా కమిలిన చర్మం మీద ఏ పిండీ రుద్దకూడదు, పెసర పిండైనా సరే. రుద్దితే పైపొర లేచి వస్తుంది.

నిమ్మరసానిదీ ఇదే కథ. 'టాన్ పోవాలంటే నిమ్మచెక్క రుద్దండి' అనే వీడియోలు వేసవి రాగానే పుట్టగొడుగుల్లా వస్తాయి. నిమ్మలోనూ, ముఖ్యంగా దాని తొక్కలో, సోరలెన్ జాతి పదార్థాలే ఉంటాయి. నిమ్మ రాసుకుని ఎండలోకి వెళ్తే చారలు చారలుగా నల్లమచ్చలు, ఒక్కోసారి బొబ్బలు వస్తాయి. ఆ మచ్చలు నెలల తరబడి పోవు. పొలం గట్టు మీద నిమ్మకాయ సోడా కలుపుకున్నా చేతులు కడుక్కున్నాకే నేను మళ్ళీ రోవర్ పట్టుకుంటాను. నిమ్మకాయ తాగడానికి బాగుంటుంది, అక్కడితో ఆపేద్దాం.

ఇక గల్లా పక్కన వరసగా పేర్చిన ఆకుపచ్చ జెల్ డబ్బాలు. 'స్వచ్ఛమైన కలబంద' అని తెలుగులో అంటించి ఉంది. తయారీ తేదీ లేదు, ఏమేం కలిపారో లేదు. మూత తీస్తే బబుల్‌గమ్ వాసన. కలబంద గుజ్జుకి రంగుండదు, నీళ్ళలా పారదర్శకంగా ఉంటుంది. ఆకుపచ్చగా ఉందంటే రంగు కలిపినట్టే. కమిలిన చర్మానికి రంగూ సెంటూ రెండూ అనవసరం. మంచి కంపెనీ ట్యూబ్ కొన్నా వెనకాల చదవండి: పైవరసలోనే ఆల్కహాల్ ఉంటే పెట్టేయండి. రాయగానే చల్లగా ఉంటుంది, తర్వాత చర్మం ఎండిపోతుంది. మెంథాల్ ఉన్నవీ అంతే, చల్లదనం నటిస్తాయి. ఈ డబ్బాలకి నా దగ్గర ఒక్క మార్కు కూడా లేదు.

కలబంద కావాలంటే కుండీలో పెంచుకోవడమే. మా డాబా మీద పగిలిన ప్లాస్టిక్ బకెట్‌లో ఉంది, నీళ్ళు పోయడం మర్చిపోయినా బతుకుతుంది. అడుగున ఉన్న ముదురు మట్టని మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా గ్లాసులో నిలబెట్టండి. పసుపుపచ్చగా చిక్కటి ద్రవం కారుతుంది. చాలామంది దీన్ని కారనివ్వకుండానే వాడేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. అది చర్మానికి దురద పుట్టిస్తుంది. 'నాకు కలబంద పడదు' అనేవాళ్ళలో కొందరికి పడనిది ఈ పసుపు ద్రవమే. పావుగంట కారనిచ్చి, కడిగి, రెండు వైపులా ముళ్ళ అంచు తీసేసి, పై తొక్క చెక్కితే గాజులాంటి గుజ్జు వస్తుంది. దాన్ని ఇంకోసారి నీళ్ళలో కడిగి, గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటిసారి వాడేవాళ్ళు మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూసుకోవాలి. రెండు రోజులు దాటితే పారేయండి, కుండీలో ఇంకో మట్ట ఉంది కదా.

అది చేసే పని హాయిగా ఉంచడం, తడి నిలపడం. ఎండని ఆపడం దాని పని కాదు. పొద్దున కలబంద రాసుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి మీరూ కాలతారు, మీ మీదున్న కలబందా ఎండుతుంది. కొబ్బరినూనె కూడా అంతే. అది రాసుకుంటే ఎండ తగలదని మా ఆఫీసులో ఒక అన్న గట్టి నమ్మకం, మే నెలాఖరుకి ఆయన చెవులు చూస్తే ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో తెలుస్తుంది. కమిలిన రోజు నూనె రాస్తే వేడి బయటికి పోకుండా జిడ్డుపొర అడ్డుపడుతుంది. మంట తగ్గి పొలుసులు రాలే రోజుల్లో రాత్రిపూట కొబ్బరినూనె రాస్తే మాత్రం నిజంగా బాగుంటుంది.

మరి ఆపేదేంటి? ఆ కొట్లో దొరికేది ఏదీ కాదు. దాని పక్క వీధి బట్టల కొట్లో దొరుకుతుంది. దట్టంగా నేసిన ముదురు రంగు కాటన్ చొక్కా, పొడుగు చేతులది, కాలరున్నది. తెల్లటి పలచటి చున్నీ చల్లగా ఉంటుందని అందరూ కప్పుకుంటారు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. అవతలి మనిషి కనపడుతుంటే ఎండ కూడా అలాగే దూరుతున్నట్టు. దాన్ని తడిపి కప్పుకుంటే ఇంకా ఎక్కువ దూరుతుంది. నేను మగవాళ్ళ చొక్కా ఒకటి పంజాబీ డ్రెస్ మీద వేసుకుంటాను, ఊళ్ళో ముసలమ్మలు నవ్వుతారు, నవ్వనీ. తలకి వెడల్పు అంచు టోపీ. రోవర్ పట్టుకోవడం అయ్యాక నల్లగొడుగు. చేతులకీ మొహానికీ జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, రెండు గంటలకోసారి. ఇది సహజం కాదు కదా అని అడుగుతారేమో. జింక్ ఖనిజమే, మన పెద్దవాళ్ళు రాసుకున్న గులాబీరంగు కాలమైన్ లోషన్‌లో ఉన్నదీ అదే.

టైమ్ చూసుకోవడానికి నా దగ్గర ఇంకో సాధనం ఉంది. రోవర్ పోల్ ఎత్తు 2 మీటర్లు. దాని నీడ 2 మీటర్లకంటే పొట్టిగా పడుతుంటే చర్మాన్ని కాల్చే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. మా అక్షాంశంలో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు, పోల్ నీడ దాని మొదట్లోనే ముడుచుకుపోతుంది. ఇది తెలిశాక రైతులకి పొద్దున ఆరింటికే రమ్మని ఫోన్ చేస్తున్నాను. వాళ్ళకీ అదే హాయి. జూన్‌లో మబ్బు పట్టిందని చొక్కా తీసేయొద్దు, పలచటి మబ్బులోంచి ఈ కిరణాలు వస్తూనే ఉంటాయి. నాపరాయి క్వారీల దగ్గరైతే కింద రాయి మీంచి కూడా ఎగదన్నుతాయి, గొడుగున్నా గడ్డం కింద కములుతుంది.

తాగేవాటికి మళ్ళీ కొట్టుకే వెళ్దాం. సుగంధిపాల వేరు ఇక్కడ మంచిది దొరుకుతుంది. సన్నటి వేళ్ళు, విరిస్తే లోపల తెల్లగా ఉండాలి, గోరుతో గీకగానే వాసన రావాలి. లావుగా కట్టెల్లా ఉన్నవి తీసుకోవద్దు. దంచి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఆ నీళ్ళలో పంచదార వేసి పాకం పడితే వేసవంతా సోడాలో కలుపుకోవచ్చు. రంగు వేసి అమ్మే ఎర్రటి సీసాలతో పోలిక లేదు. సబ్జా గింజలు కూడా శుభ్రంగా, రాళ్ళు లేకుండా ఉంటాయి. ఇవి తాగితే ఒంటి మీద మంట తగ్గిపోతుందని మాత్రం అనను. కమిలిన చర్మం ఒంట్లో నీటిని లాగేస్తుంది, ఆ నీరు తిరిగి నింపడానికి ఏది ఇష్టంగా తాగగలిగితే అది. పొలంలో ఉప్పేసిన పలచటి మజ్జిగే నాకు అన్నిటికంటే మేలు.

కమిలిన సాయంత్రం ఇంట్లో చేసేది చాలా తక్కువ. సబ్బు లేకుండా కుండ నీళ్ళతో స్నానం, మెత్తటి గుడ్డతో అద్దుకోవడం, తడి పూర్తిగా ఆరకముందే కలబంద. మెడ మీద తడిగుడ్డ పావుగంట. ఐసు ముక్క నేరుగా పెట్టను, టూత్‌పేస్ట్ అసలే పెట్టను. పుల్లటి పెరుగు రాయమని అత్తయ్య అంటుంది. చల్లగా ఉంటుంది, నిజమే, కానీ మంట మీద పులుపెందుకని అది నేను అన్నంలో కలుపుకుంటాను. దురద పుడితే కాలమైన్. బొబ్బలు లేస్తే గిల్లకుండా వదిలేయాలి. బొబ్బలు ఎక్కువ మేర వచ్చినా, చలిజ్వరం, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా ఈ వేళ్ళూ మట్టలూ పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళాలి. మాట తడబడుతూ మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు నీడకి చేర్చి ఒళ్ళు తడపాలి. పసిపిల్లలు కమిలితే ఇంటి వైద్యం వద్దు, నేరుగా డాక్టరే.

కొట్టుకి వెళ్ళాలనుకునేవాళ్ళకి: పొద్దున్నే వెళ్ళండి, సందులో కారు పట్టదు, మధ్యాహ్నం భోజనానికి షట్టర్ సగం దించేస్తారు. ఫోన్‌పే తీసుకుంటాడు. పొట్లాల మీద పేర్లు రాయడు, ఇంటికెళ్ళాక తుంగముస్తెలేవో కచ్చూరాలేవో తెలియక తికమక పడతారు, కాబట్టి పెన్ను మీరే పట్టుకెళ్ళి అక్కడే రాసుకోండి. వట్టివేళ్ళు, సుగంధిపాల, సబ్జా ఈ మూడింటికీ కళ్ళు మూసుకుని నాలుగు స్టార్లు ఇస్తాను. గంధానికీ ఆకుపచ్చ డబ్బాలకీ సున్నా. సున్నిపిండి సామాను బాగానే ఉంటుంది, బావంచాలు వద్దని ముందే చెప్పాలి. ఈ మధ్య వెళ్ళినప్పుడు నా ముందున్నావిడ సున్నిపిండి అడిగితే ఆయనే, "ఎండలో పనికి పోతావామ్మా?" అని అడగడం విన్నాను. దానికి ఇంకో అర స్టారు కలుపుకోండి.